ఇల్లు మిగిలింది, పిల్ల మిగల్లేదు

2017 మే నెల మధ్యలో తెలుగునాట ఫోన్ ఉన్న ఇంటింటికీ ఒక వీడియో చేరింది. అందులో ఉన్నది పదమూడేళ్ల అమ్మాయి. ఊరు విజయవాడ. జబ్బు ఎముక మజ్జకు పట్టిన క్యాన్సర్. నీరసం గొంతులోనే తెలుస్తోంది. ఫోన్‌కేసి చూస్తూ, వేరే ఊళ్లో ఉన్న తండ్రితో మాట్లాడుతోంది. ఆ మాటలు మనందరి దాకా వచ్చేసరికి ఆ పిల్ల లేదు. మే 14, ఆదివారంనాడు కన్నుమూసింది.

ఏడ్చిందని, బతిమాలిందని అప్పుడు పత్రికలన్నీ రాశాయి. నిజమే. కానీ ఆ మాటల్ని మనసుపెట్టి వింటే ఏడుపుకన్నా ముందు చెవినపడేది ఆ పిల్ల వాదన. డబ్బు లేదంటున్నావు కదా నాన్నా, ఇల్లుంది కదా, అదైనా అమ్మి నాకు వైద్యం చేయించు అంటుంది. ఆ డబ్బు అమ్మ తీసేసుకుంటుందని నీకు భయముంటే, నువ్వే వచ్చి నన్ను తీసుకుపోయి నీ చేతులతోనే చూపించు అంటుంది. వైద్యం అందకపోతే తాను ఎక్కువ రోజులు బతకనన్న సంగతి కూడా తనే చెబుతుంది. తండ్రి చెప్పగలిగిన ఒక్కో అడ్డంకికి ఒక్కో జవాబు ముందే ఆలోచించి పెట్టుకుంది. మీరిద్దరూ కలిసి ఉండండి అన్న కోరిక పత్రికల్లో వచ్చిన ఆ మాటల్లో ఎక్కడా లేదు. అది జరిగే పని కాదని ఆమెకు అప్పటికే తెలిసిపోయి ఉండాలి. అమ్మానాన్నల తగాదాలో తన ప్రాణం ఏ మూల ఇరుక్కుందో అంత కచ్చితంగా కనిపెట్టి, ఆ ఒక్క ముడి విప్పమని అడిగింది.

పదమూడేళ్లంటే ఎనిమిదో తరగతో తొమ్మిదో తరగతో చదివే వయసు. పరీక్షలకు భయపడే వయసు. కొత్త గౌను కోసం అలిగే వయసు. ఆ వయసులో తన వైద్యం ఖరీదెంతో, ఇల్లమ్మితే ఎంతొస్తుందో, ఆ డబ్బు ఎవరి చేతిలో పడితే ఎవరికి అనుమానమో లెక్క వేసుకోవాల్సి వచ్చిన పిల్ల గురించి రాస్తున్నాను. ఆమె పేరు ఆ రోజుల్లో అందరి నోళ్లలోనూ నానింది. ఇక్కడ రాయను. తండ్రి పేరు కూడా రాయను. అప్పుడు కావలసినన్ని శాపనార్థాలు పడ్డాయి. వాటివల్ల ఆ పిల్లకు ఒరిగిందేమీ లేదు.

జరిగింది క్లుప్తంగా ఇది. తల్లిదండ్రులు అప్పటికే విడివిడిగా ఉంటున్నారు. తండ్రి బెంగళూరులో, తల్లీకూతుళ్లు విజయవాడలో. జబ్బు బయటపడింది. మజ్జ మార్పిడి చేయాలన్నారు. ఖర్చు లక్షల్లో. చేతిలో ఉన్న ఒకే ఒక ఆధారం ఇల్లు. దాన్ని అమ్మనివ్వకుండా అడ్డుపడ్డారని తల్లి ఆరోపించింది. రోజులు గడిచాయి. ఇల్లు అమ్ముడుపోలేదు. పిల్ల పోయింది. వీడియో టీవీల్లోకి వచ్చింది. బాలల హక్కుల సంఘం మానవ హక్కుల కమిషన్ తలుపు తట్టింది. దేశం బయటి పత్రికలు కూడా రాశాయి. ఆ తర్వాత ఇంకో వార్త వచ్చింది, దాని తర్వాత మరొకటి.

మా దొరవారిసత్రంలో ఆ వీడియో చూసినవాళ్లు మిగతా ఊళ్లవాళ్లకన్నా ఎక్కువ కలత పడ్డారని నేనంటే అది ఊరిమీద ప్రేమకొద్దీ అన్న మాట కాదు. ఇది జబ్బు మనుషులు ప్రయాణం చేసే దారి. అప్పటికి నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. జిల్లా పేరు మారినా దారి మారలేదు. గూడూరు, నాయుడుపేట, దొరవారిసత్రం, సూళ్లూరుపేట, తడ మీదుగా మద్రాసు. వంద కిలోమీటర్లు అటూ ఇటూ. పెద్ద జబ్బు ఏదొచ్చినా ఇక్కడివాళ్లకు మొదట తట్టేది మద్రాసే. పిల్లలకైతే ఎగ్మోర్ పిల్లల ఆసుపత్రి, క్యాన్సరైతే అడయారు. ఆ అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను 1954లో నిలబెట్టిన ముత్తులక్ష్మీ రెడ్డి, క్యాన్సర్‌తో పోయిన చెల్లెలి దుఃఖంలోంచి ఆ పనికి పూనుకున్న మనిషి.

నేలపట్టు పక్షుల్ని చూడ్డానికి చలికాలంలో బయటి ఊళ్లనుంచి జనం దిగే ఇదే దొరవారిసత్రం స్టేషన్లో, ఏడాది పొడవునా మద్రాసు బండెక్కే ఇంకో రకం మనుషులుంటారు. వాళ్లను గుర్తుపట్టడం కష్టం కాదు. తల్లి చంకలో పెద్ద ప్లాస్టిక్ కవరు. అందులో రక్తపరీక్షల కాగితాలు, డాక్టరు రాసిన పుస్తకం, ఆధార్ జిరాక్సులు, ఆరోగ్యశ్రీ కార్డు, అన్నీ మడతల దగ్గర నలిగి ఉంటాయి. బుట్టలో పెరుగన్నం క్యారియరు, కాచి చల్లార్చిన నీళ్ల సీసా. పక్కన పిల్ల. తలకు స్కార్ఫు, ముక్కుకు మాస్కు, మోచేతి మడతలో దూది అంటించిన టేపు. ఎదురు సీట్లో పెద్దామె ఎవరో అడుగుతుంది: "పాపకేంది తల్లీ?" "రక్తం తక్కువుందన్నారు అవ్వా" అంటుంది తల్లి. జబ్బు పేరు చెప్పదు. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది. పిల్లకు తెలియదని తల్లి అనుకుంటుంది. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? వార్డులో పక్క మంచం పిల్లవాడు మొన్న ఉండి ఇవాళ లేకపోతే, వాడెక్కడికి పోయాడో ఆ వయసు పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ జబ్బు గురించి కొంచెం చెప్పాలి. ఎందుకంటే తగాదా ఉన్న ఇంట్లో అది ఎందుకు అంత తొందరగా గెలుస్తుందో తెలియాలి.

రక్తం పుట్టేది ఎముకల లోపలి మజ్జలో. అక్కడ ఒక కణం దారితప్పి, ఎదగకుండానే లెక్కలేనన్ని పిల్లలు పెడితే, మంచి రక్తానికి చోటు దొరకదు. ఒళ్లు పాలిపోతుంది, జ్వరం విడవదు, చిన్న దెబ్బకే కమిలిపోతుంది, కాళ్ల ఎముకలు లాగేస్తాయి. పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇలాంటి రక్త క్యాన్సరే. అందులోనూ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అన్న రకానికి మందు బాగా పనిచేస్తుంది. మొదటి నెల తీవ్రమైన మందులు, వెన్నులో ఇంజెక్షన్లు. ఆ తర్వాత కొన్ని నెలలు వచ్చిపోతూ చేసే కీమో. ఆపైన ఇంట్లోనే రోజూ మింగే మాత్రలు, వారానికొకసారి మింగేవి మరికొన్ని. మొత్తం రెండు నుంచి మూడేళ్లు. మధ్యలో ఎప్పుడైనా తెల్లకణాలు పడిపోయి జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగడానికి లేదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి.

అంటే కనీసం ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు మంచం పక్కన, ఒకరు సంపాదనలో. రక్తం ఎక్కించాల్సి వస్తే దాతల్ని వెతికే మనిషి ఒకరు. ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే వాడికి అన్నం పెట్టే మనిషి ఒకరు. ఒద్దికగా ఉన్న సంసారమే ఆ రెండేళ్లలో సగం కూలిపోతుంది. పొలం తాకట్టుకు పోతుంది, మెడలో గొలుసు బ్యాంకుకు పోతుంది, తండ్రి కూలి పోగొట్టుకుంటాడు, పెద్దపిల్ల చదువు ఆగుతుంది. ఇక అప్పటికే రెండు ముక్కలైన సంసారంలో ఆ జబ్బు దిగితే? కార్డు ఒకరి దగ్గర, బిడ్డ ఒకరి దగ్గర. సంతకం ఒకరిది, ఖర్చు ఒకరిది. ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తితే పాత లెక్కలు తీస్తారు. మందు మధ్యలో ఆగుతుంది. ఈ జబ్బులో మందు మధ్యలో ఆగడమంత ప్రమాదం లేదు. ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా బతుకుతుంటే, పేద దేశాల్లో అనేకచోట్ల ముప్పైమంది కూడా బతకడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆలస్యంగా కనిపెట్టడం, మందులు దొరకకపోవడంతోపాటు, మొదలుపెట్టిన వైద్యాన్ని మధ్యలో వదిలేయడం కూడా దానికి ఒక పెద్ద కారణం.

మజ్జ మార్పిడి దాకా వెళితే ఇంకో సంగతి ఉంది. తోబుట్టువుల్లో పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం నాలుగింట ఒక వంతు. కానీ కన్న తండ్రి, కన్న తల్లి, ఇద్దరూ బిడ్డకు సగం సరిపోతారు. ఎందుకంటే బిడ్డ పుట్టిందే చెరో సగం నుంచి. ఆ సగం పొంతనతోనే ఇప్పుడు మార్పిడులు చేస్తున్నారు. భార్యాభర్తలు విడిపోవచ్చు, కోర్టు వాళ్లను ఎవరికెవరూ కాకుండా చేయవచ్చు. బిడ్డ ఎముకల్లో మాత్రం ఇద్దరూ కలిసే ఉంటారు. ఆ సంగతి ఎన్ని ఇళ్లలో గుర్తుంటుంది?

ఈ వైద్యం కథలో ఒక తెలుగువాడున్నాడు. ఆయన్ని తలుచుకోకుండా ముందుకు పోలేను. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. చదువుకు డబ్బు లేని రోజుల్లో ఆయన తల్లి తన మంగళసూత్రాలు అమ్మి కొడుకును చదువుకు పంపిందని చెబుతారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా చేరి, 1940 నుంచి లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసిన ఆ మనిషి, రక్తం పుట్టడానికి అవసరమైన ఫోలిక్ ఆమ్లాన్ని తన బృందంతో తయారుచేయించాడు. దాన్ని అడ్డుకునే మందుల్ని కూడా ఆ బృందమే తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పదహారుమంది పిల్లల్లో పదిమందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అది కొద్ది నెలల ముచ్చటే. కానీ అప్పటిదాకా ఆ జబ్బుకు కొద్ది నెలలు కూడా ఇవ్వగల మందు లేదు. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావు పోయాడు. ఆ వరుసలోదే మెథోట్రెక్సేట్. ఇవాళ్టికీ అడయారులోనైనా, తిరుపతిలోనైనా, బోస్టన్‌లోనైనా రక్త క్యాన్సర్ పిల్లలు వారానికొకసారి మింగే మాత్ర అదే.

బిడ్డ చదువుకోసం మెడలో పుస్తెలు అమ్మిన తల్లి కొడుకు ప్రపంచానికి ఆ మందు ఇచ్చాడు. అదే తెలుగునేల మీద, డెబ్బై ఏళ్ల తర్వాత, బిడ్డ ప్రాణంకోసం ఇల్లమ్మడానికి చేతులు రాలేదు.

ఇల్లమ్మడం అంత తేలికా అని ఎవరైనా అడగవచ్చు. తేలిక కాదు. మా వైపు ఆ బాధ నాకు బాగా తెలుసు. శ్రీసిటీ వచ్చాక, నాయుడుపేట చుట్టూ ఫ్యాక్టరీలు లేచాక, జాతీయ రహదారి వెడల్పయ్యాక, ఒకప్పుడు గొర్రెలు మేసిన చేనికి కూడా రేటొచ్చింది. రేటొచ్చిన ప్రతిచోటా తగాదా వచ్చింది. అన్నదమ్ములు కోర్టుకెక్కారు, ఆడబిడ్డలు పుట్టింటి గడప తొక్కడం మానేశారు. "ఇప్పుడు అమ్మితే మళ్లీ జన్మలో కొనలేం" అన్నమాట ప్రతి ఇంట్లో వినపడేదే. జబ్బు ముదిరిన ఇంట్లో దాని పక్కనే ఇంకోమాట చేరుతుంది: "ఉన్నదంతా పోస్తే మాత్రం బతుకుతుందని గ్యారంటీ ఏముంది?" ఆ మాట అనేవాళ్లు అందరూ కసాయివాళ్లు కారు. మిగిలిన పిల్లల్ని చూసుకుని, చేతిలో చిల్లిగవ్వ లేని రేపటిని చూసుకుని అంటారు. వాళ్ల నిస్సహాయతను నేను తప్పుపట్టను. కానీ నిస్సహాయత వేరు, పంతం వేరు. అమ్మడానికి ఏమీ లేకపోవడం ఒకటి, ఉన్నదాన్ని భార్య మీద కోపంతోనో భర్త మీద కక్షతోనో అమ్మనివ్వకపోవడం ఇంకొకటి. రెండోదాన్ని మొదటిదాని ముసుగులో దాచుకునే ఇళ్లను మనం చూస్తూనే ఉన్నాం.

ఆడపిల్ల అన్న సంగతి ఇందులో ఎక్కడుంది? పైకి ఎవరూ అనరు. లెక్కలు అంటాయి. 2005 నుంచి 2019 దాకా మన దేశంలో క్యాన్సర్‌కు చూపించుకున్న పందొమ్మిదేళ్లలోపు పిల్లల వివరాలు తీసి చేసిన ఒక అధ్యయనం లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్, ముంబయి టాటా మెమోరియల్‌తోపాటు మన అడయారు కూడా అందులో ఉంది. ఆసుపత్రి గడప దాకా వచ్చిన మగపిల్లలకన్నా ఆడపిల్లలు తక్కువ. దూరం ప్రయాణం చేసి రావాల్సిన కుటుంబాల్లో ఆ తేడా ఇంకా పెరిగింది. మజ్జ మార్పిడిలాంటి ఖరీదైన వైద్యం దగ్గరికి వచ్చేసరికి మరీ పెరిగింది. ఆ జబ్బు ఆడపిల్లల్ని వదిలిపెట్టి మగపిల్లల వెంటపడుతున్నదని దీనికి అర్థం కాదు. ఆడపిల్ల జ్వరం ఆర్‌ఎంపీ దగ్గరే ఆగిపోతోంది. మద్రాసు బండి ఎక్కించే చెయ్యి ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి వెనకాడుతోంది.

విజయవాడ పాప విషయంలో ఆమె ఆడపిల్ల కావడమే కారణమని నేను తీర్పు చెప్పను. ఆ ఇంటి లోపలి మాటలు ఆ ఇంటివాళ్లకే తెలియాలి. కానీ ఆ వీడియో చూసి కన్నీళ్లు పెట్టుకున్న లక్షలమందిలో ఎంతమంది, తమ కొడుకుకైతే చేసేదీ కూతురికైతే చేయనిదీ ఏముందో ఆ రాత్రి ఆలోచించుకుని ఉంటారు?

"ఎట్లాగూ బతకదని డాక్టర్లే అన్నారు గదా" అని ఆ రోజుల్లో అన్నవాళ్లున్నారు. ఈ ఒక్కమాట మీద నాకు పట్టరాని దుఃఖమూ కోపమూ వస్తాయి. బతకదని తేలిన పిల్లకు కూడా చేయాల్సింది బోలెడుంది. నొప్పి తెలియకుండా చూడటం ఉంది. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్ర ఖరీదు ఎక్కువేమీ కాదు. దాన్ని ఆసుపత్రులకు చేరనివ్వకుండా చిక్కుముళ్లు వేసిన మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో పార్లమెంటు సడలించింది. నొప్పి తగ్గాక ఆ పిల్ల అడిగింది వండిపెట్టడం ఉంది, చూడాలన్న మనిషిని తెచ్చి చూపించడం ఉంది. ఆ పాప చూడాలన్న మనిషి ఎవరో ఆ వీడియోలోనే ఉంది. డబ్బు తేకపోయినా ఫర్వాలేదు, బెంగళూరు నుంచి విజయవాడకు ఒక రాత్రి ప్రయాణం. తండ్రి వచ్చి మంచం పక్కన కూర్చున్నా ఆ బిడ్డ చివరి రోజులు వేరేగా ఉండేవి. జబ్బు నయం చేయలేని చోట మనిషి చేయగలిగింది అదొక్కటే, దానికి ఇల్లమ్మాల్సిన పని కూడా లేదు.

ఆమె పోయాక తండ్రిని తిట్టని నోరు లేదు. తిట్టడం తేలిక. కానీ ఒక సంసారం కూలుతున్నప్పుడు దాని చుట్టూ ఎంతమంది ఉంటారో చూడండి. అటు నానమ్మ, తాతయ్య, మేనత్తలు. ఇటు అమ్మమ్మ, మేనమామలు. పెళ్లి కుదిర్చిన పెద్దమనుషులు. వాళ్లే పెట్టుపోతల దగ్గర రాత్రంతా కూర్చుని తెగ్గొట్టిన మనుషులు. విడిపోయేటప్పుడు బంగారం ఎవరికి, సామాను ఎవరికి, స్థలం ఎవరికి అని స్టాంపు కాగితం మీద రాయించిన మనుషులు. ఆ కాగితంలో "బిడ్డకు జబ్బు చేస్తే ఎవరు చూపించాలి" అన్న ఒక్క వాక్యం రాయించే ఇంగితం ఎన్ని పంచాయితీల్లో కనిపిస్తుంది? మా ఊళ్లవైపు జరిగే పంచాయితీల్లో బిడ్డ గురించి వచ్చే ప్రశ్న ఒకటే, ఎవరి దగ్గర ఉండాలి అని. ఎవరు బతికించాలి అన్న ప్రశ్న రాదు, ఎందుకంటే అప్పటికి బిడ్డ ఆరోగ్యంగానే ఆడుకుంటూ ఉంటుంది.

ప్రభుత్వం చేయగలిగింది లేదా? ఉంది, కొంత చేసింది కూడా. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ఇళ్లను అమ్ముడుపోకుండా కాపాడింది. కానీ విజయవాడ పాప జబ్బుపడిన నాటికి ఆ పథకం కింద కుటుంబానికి ఇచ్చే పరిమితి రెండున్నర లక్షలు. మజ్జ మార్పిడికి అది ఏ మూలకు? 2023 డిసెంబరులో ఆ పరిమితిని పాతిక లక్షలకు పెంచారు. తిరుపతిలో టాటా ట్రస్టుల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో తెరుచుకుంది, మా వైపు వాళ్లకు మద్రాసు తప్ప దిక్కులేని రోజులు కొంత తగ్గాయి. ఇవన్నీ ఆ పిల్లకు ఆలస్యంగా వచ్చినవే. ఆమెకు ఆలస్యం కానిది, ఆ రోజుకే ఉన్నది ఒకటుంది. అదే నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతోంది.

అది చట్టం. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం మైనరు బిడ్డను పోషించే బాధ్యత తండ్రి మీదా తల్లి మీదా పెట్టింది. పోషణ అంటే తిండి, బట్ట, నీడ, చదువుతోపాటు వైద్యం కూడా అని ఆ చట్టంలోనే రాసి ఉంది. అయితే దానికోసం కోర్టుకు పోయి వాయిదాలు తిరిగేంత ఆయుష్షు ఆ జబ్బు ఇవ్వదు. అందుకని రెండో చట్టం చూడాలి. 2015లో చేసి, 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చిన బాలల న్యాయ చట్టం. ఆ పాప చనిపోయే నాటికి అది అమల్లోకి వచ్చి ఏడాది దాటింది. రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లలు ఎవరో చెప్పే చోట అందులో ఒక తరగతి ఇలా ఉంది: ప్రాణాంతకమైన లేదా నయంకాని జబ్బుతో ఉండి, చూసుకునే దిక్కు లేనివాళ్లు లేదా చూసుకోవడానికి తగని తల్లిదండ్రులున్నవాళ్లు. ఢిల్లీలో కూర్చుని ఆ వాక్యం రాసినవాళ్లకు విజయవాడ పాప ఎవరో తెలియదు. అయినా ఆమెను చూసి రాసినట్టే ఉంటుంది.

అలాంటి బిడ్డ విషయం చూడ్డానికి ప్రతి జిల్లాలో బాలల సంక్షేమ సమితి ఉండాలని ఆ చట్టం చెప్పింది. ఆ సమితికి ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలున్నాయి. బిడ్డను దాని ముందుకు ఎవరు తీసుకురావచ్చో కూడా జాబితా ఉంది. పోలీసు, ప్రభుత్వోద్యోగి, నర్సు, డాక్టరు, ఆసుపత్రి యాజమాన్యం, ఊళ్లో ఏ మంచి మనిషైనా. ఆ జాబితాలో బిడ్డ కూడా ఉంది. బిడ్డ తనకు తానుగా రావచ్చు. తండ్రికి వీడియో పంపిన ఆ పిల్ల, దాన్ని ఆ సమితికి పంపినా చట్టం వినాల్సిందే. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పాఠాల్లో లేదు. ఆసుపత్రి గోడమీద లేదు. వీడియో చూసి ఏడ్చిన మనలో కూడా ఎక్కువమందికి తెలియదు.

ఇది చదువుతున్న మీ వీధిలోనో, మీ చుట్టాల్లోనో పెద్ద జబ్బు చేసిన బిడ్డ ఉండి, ఆ ఇంట్లో అమ్మానాన్నల మధ్య మాటల్లేకపోతే, వాళ్లలో ఎవరు మంచివాళ్లో తేలేదాకా ఆగకండి. అది వాళ్ల ఇంటి గొడవ, మనకెందుకు అనుకోకండి. 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల కోసం పెట్టిన నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు. బిడ్డకు మాట్లాడే ఓపిక ఉంటే ఆ నంబరు బిడ్డకే చెప్పండి. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లయితే, వైద్యం మధ్యలో మానేసి ఇంటికి పోతున్న పిల్ల ఫైలు పక్కన పెట్టేముందు, ఎందుకు పోతోందో ఒక్కమాట అడగండి. పెద్దమనుషులై పంచాయితీ చేసేవాళ్లయితే, ఈసారి రాయించే కాగితంలో బిడ్డ వైద్యం ఎవరి బాధ్యతో, ఏ ఆస్తిలోంచో మొదటి వాక్యంగా రాయించండి.